ఊపిరికి కేసింగు

*గుండెకు స్టెంటు వేస్తారని అందరికీ తెలుసు. ఊపిరిగొట్టానికీ వేస్తారని మహానంది అరటితోటల్లో ఈమధ్యే తెలిసింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో గాలిదారి మూసుకుపోతున్న మనిషికి ఆ చిన్న గొట్టం ఏమిస్తుంది? ఏమివ్వలేదు?*

కార్తీక సోమవారం. కోడి కూయకముందే మహానంది కోనేటి మెట్లు జనంతో నిండిపోయాయి. నల్లమల మీంచి చలిగాలి దిగుతోంది. రుద్రగుండంలో నీళ్లు మాత్రం నులివెచ్చగా ఉన్నాయి. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా తోచే నీళ్లవి. అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మో బొరుసో గట్టు మీంచి చెప్పొచ్చు, అంత తేట. మా మామ ఏటా ఆ నీళ్లలో మూడు మునకలు వేసేవాడు. ఆ ఏడు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాడు. ఒక చెయ్యి రాతిగోడకు ఆనించి, మెడ ముందుకు చాచి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ గొంతు కింద ఎక్కడో సన్నగా ఈల మోగుతోంది. పక్కన జపం చేసుకుంటున్న పెద్దమనిషి కళ్లు తెరిచి మరీ చూశాడు.

"మునిగితే మళ్ల లేస్తానో లేదో అల్లుడా. రోన్ని నీళ్లు తల మీద చల్లు, చాలు" అన్నాడు మామ.

ఆ ఒక్క మాట చెప్పడానికి మూడుసార్లు ఆగాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. గాజులపల్లె దగ్గర నాలుగెకరాల అరటితోట ఆయనది. కిందటేటి దాకా గెలను భుజాన వేసుకుని గట్టు దాటించి ట్రాక్టరు దాకా మోసినవాడు. ఆ రోజు చెంబెడు నీళ్లు కూడా నేనే పోశాను.

"స్టెంటంటే గుండెకు గదా?"

మూడు వారాల తర్వాత హైదరాబాద్‌లో మామ ఊపిరిగొట్టంలో స్టెంటు వేశారు. ఊరికి తిరిగొచ్చాక చూడవచ్చిన ప్రతివాళ్లూ అడిగింది ఇదే: "స్టెంటంటే గుండెకు గదా?" ఆ వెంటనే, "కోశారా? మాటొస్తాదా? అన్నం దిగుతాదా? జబ్బు పోయినట్లేనా?" గెలలు కోయడానికి వచ్చిన కూలీలు అడిగారు, అంగడి కాడ అడిగారు, గుడి ముందు అరటిపండ్లు అమ్మే ఆడవాళ్లు అడిగారు. జవాబులు చెప్పీ చెప్పీ అత్త అలిసిపోయింది. నేనీ కథనం రాయడానికి కారణం ఆ ప్రశ్నలే.

మొదటి మూడింటికి జవాబు తేలిక. కోసేదేమీ లేదు, నోట్లోంచే దించుతారు. స్వరపేటిక కింద వేస్తారు గనుక మాట పోదు. అన్నం దిగే గొట్టం వేరు, గాలి వెళ్లే గొట్టం వేరు. చివరి ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు.

ఆరు నెలలు పిల్లికూతలే అనుకున్నాం

మొదట దగ్గు. బీడీ తాగేవాడికి దగ్గు రాకపోతే వింత గాని వస్తే ఏముంది అనుకున్నాం. నలభై ఏళ్లుగా రోజుకు రెండు కట్టలు కాల్చేవాడు. తర్వాత ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. ఉబ్బసమన్నారు ఒకచోట, పీల్చే మందు ఇచ్చారు. రెండు నెలలు పీల్చాడు. తర్వాత ఎక్స్‌రేలో మచ్చ కనబడింది. టీబీ అన్నారు ఇంకోచోట, మాత్రలు మొదలుపెట్టారు. కళ్లెలో టీబీ క్రిమి దొరికిందా అని మేం అడగలేదు. అడగాలని తెలియదు. క్యాన్సరని తేలేసరికి ఆరు నెలలు పోయాయి.

ఇది మా ఇంటి కథ మాత్రమే అయితే రాసేవాణ్ని కాదు. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు చాలామంది మొదట కొన్నాళ్లు టీబీ మందులు మింగి వచ్చినవాళ్లే. టీబీ ఎక్కువగా ఉన్న దేశం మనది. దగ్గు, రక్తం జీర, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ రెండింటికీ ఉంటాయి. అలా పోయిన నెలల్లో కణితి పెరుగుతుంది. జబ్బు బయటపడేసరికి చాలామంది మూడో దశలోనో నాలుగో దశలోనో ఉంటారు.

ఉబ్బసపు కూతకూ, గొట్టం మూసుకుపోతున్న కూతకూ తేడా ఉంది. ఉబ్బసంలో కూత ఎక్కువగా గాలి వదిలేటప్పుడు వస్తుంది, ఛాతీ అంతటా వినిపిస్తుంది, మందు పీలిస్తే తగ్గుతుంది. పెద్ద గొట్టం ఇరుకైతే గాలి పీల్చేటప్పుడు కూడా ఈల మోగవచ్చు, ఎన్ని మందులు పీల్చినా తగ్గదు. కోనేటి మెట్ల మీద మేం విన్నది ఆ ఈలే.

రాత్రిళ్లు మరీ ఘోరం. పడుకుంటే ఊపిరాడదు. వరండాలో మంచం మీద కూర్చుని, ఎదురుగా గంప బోర్లించి, దాని మీద దిండు వేసి, ఆ దిండుకు నుదురు ఆనించి కునికేవాడు. అలా నెల రోజులు. ఆక్సిజన్ సిలిండరు అద్దెకు తెచ్చాం. దారే మూసుకుపోతుంటే సిలిండరు ఏం చేస్తుంది?

> రెండంగుళాల పైపు లెక్క
>
> పెద్దవాళ్లలో ప్రధాన శ్వాసనాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. లోపలి వెడల్పు ఇంచుమించు రూపాయి బిళ్లంత. ముందువైపు గుర్రపు లాడం ఆకారపు మృదులాస్థి చట్రాలు 16 నుంచి 20 దాకా దాన్ని మూసుకుపోకుండా నిలబెడతాయి.
>
> వెడల్పు 8 మిల్లీమీటర్లకు తగ్గితే నడిచినప్పుడు ఆయాసం వస్తుంది. 5 మిల్లీమీటర్లకు, అంటే పెన్సిల్ కన్నా సన్నగా అయితే, కూర్చున్నా ఆయాసమే.
>
> గొట్టం వెడల్పు సగానికి తగ్గితే అదే బలంతో తోసినా అందులోంచి పోయేది సగం కాదు, పదహారో వంతే. రెండంగుళాల పైపు తీసి అంగుళం పైపు బిగించిన రైతుకు ఈ బాధ అనుభవమే. అందుకే మొన్నటిదాకా బాగానే తిరిగిన మనిషి వారం తిరిగేసరికి మంచం దిగలేకపోతాడు. చివరి రెండు మిల్లీమీటర్లే ప్రాణం మీదికి తెస్తాయి.

"అంటే కేసింగు దించుతారు"

హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీశాక డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. పైన ఒక గొట్టం, కింద రెండుగా చీలిన కొమ్మలు. చీలిక దగ్గర కణితి. కొంత గొట్టం లోపలికి పెరిగింది, కొంత బయటి నుంచి నొక్కుతోంది. "లోపలిది తీసేస్తాం. బయటి నుంచి నొక్కేది మళ్లీ మూసెయ్యకుండా సిలికాన్ గొట్టం నిలబెడతాం" అన్నాడు.

మామ కాగితాన్ని తిప్పి చూశాడు. ఆగి ఆగి అన్నాడు. "అంటే... కేసింగు... దించుతారు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఆయనది కోస్తా ప్రాంతం. కేసింగు సంగతి మామే వివరించాడు. బోరు వేసేటప్పుడు పైన మెత్తనేల ఉన్నంత లోతుకూ పైపు దించుతారు, లేకపోతే మట్టి జారి గుంత పూడిపోతుంది. గట్టి బండ తగిలిన కాడి నుంచి కేసింగు అక్కర్లేదు, బండే నిలబడుతుంది. "అంతే పెద్దాయనా. జారే మేరకే వేస్తాం" అన్నాడు డాక్టరు. స్టెంటును ఇంతకన్నా బాగా వివరించిన మాట నేనెక్కడా చదవలేదు. జీవితంలో ఆరు బోర్లు వేసి, నాలుగు ఎండబెట్టుకున్న రైతు చెప్పిన మాట అది.

క్యాన్సర్ వల్ల గాలిదారి మూడు రకాలుగా మూసుకుపోతుంది. కణితి గొట్టం లోపలే పెరిగితే కోసి, కాల్చి, గడ్డకట్టించి తీసేస్తారు. దారి నిలిస్తే కొందరికి స్టెంటు అవసరమే పడదు. బయటి నుంచి గడ్డ నొక్కుతుంటే లోపల తీయడానికేమీ ఉండదు, నిలబెట్టడమొక్కటే దారి. మూడోది ఈ రెండూ కలిసినది. మామది అదే.

స్టెంట్లలోనూ రెండు జాతులు. సిలికాన్‌వి దించడానికి పూర్తి మత్తు, నోట్లోంచి దించే గట్టి ఉక్కు గొట్టం కావాలి. తర్వాత జరపడం, తీయడం తేలిక. లోహపు జాలీవి నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే మిశ్రలోహంతో చేస్తారు. నొక్కి సన్నగా చేసి లోపలికి పంపి వదిలితే, ఒంటి వేడికి తన పాత ఆకారం గుర్తు తెచ్చుకుని విచ్చుకుంటుంది. గాలిదారి లోపల చూసే సన్నటి, వంగే గొట్టం బ్రాంకోస్కోపుతోనే వేయొచ్చు. జాలీ కళ్లలోంచి కణితి మళ్లీ లోపలికి పాకకుండా పైన పొర తొడిగినవి క్యాన్సర్ రోగులకు వాడతారు. మామకు వేసింది చీలిక దగ్గర కూర్చునే పంగ ఆకారపు సిలికాన్ స్టెంటు. గెల బరువుకు అరటిచెట్టు ఒరగకుండా మేం పోటు పెట్టే పంగకర్రను తలకిందులు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

గంటన్నర

మత్తిచ్చాక నోరు తెరిపించి, స్వరతంత్రుల మధ్యగా ఉక్కు గొట్టం దించుతారు. దాని పక్క దారిలోంచే మత్తు డాక్టరు గాలి అందిస్తుంటాడు. అంటే ఊపిరి నడిచే దారీ, వైద్యుడు పనిచేసే దారీ ఒకటే. కణితిని కాల్చేటప్పుడు ఆక్సిజన్‌ను 40 శాతం లోపుకు తగ్గిస్తారు. అంతకు మించి ఉంటే లోపలే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. తగ్గిస్తే రోగికి చాలదేమో అన్న భయం. ఆ రెండింటి మధ్య ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ పని సాగిస్తారు. వైద్యంలో ఇంత దగ్గరి జోడుపని అరుదు.

అయ్యాక డాక్టరు మాకు తెర మీద చూపించాడు. మొదటి బొమ్మలో గులాబీ రంగు గోడ, దాని మీద వరుసగా కట్లు, చివర గోబీపువ్వులాంటి గడ్డ. దాని పక్కన అరటాకు ఈనె పట్టేంత సందు. నెల రోజులుగా ఆయన బతికింది ఆ సందులోంచే. రెండో బొమ్మలో గడ్డ తొలిచారు, దాని వెనక ఇన్నాళ్లూ నిలిచిపోయిన చిక్కటి కళ్లె ఉబికి వచ్చింది. యంత్రంతో పీల్చేశారు. మూడో బొమ్మలో గుండ్రటి నోరు, ముందు రెండు దారులు, రెండూ నల్లగా, తెరుచుకుని ఉన్నాయి. దారి నిలిచిన గొట్టాన్ని చూడటం నాకు అదే మొదటిసారి. చాలాసేపు చూశాను.

ఆ సాయంత్రం వార్డులో మామ వెల్లకిలా పడుకున్నాడు. అత్త వచ్చి చూసి కంగారుపడింది. నెల రోజులుగా ఆయన వీపు మంచానికి తగల్లేదు. "నిద్రపోతున్నాడమ్మా" అంది నర్సు.

> ఎవరీ స్టెంట్?
>
> పేరు ఒక మనిషిది. ఛార్లెస్ థామస్ స్టెంట్ 19వ శతాబ్దపు లండన్ దంతవైద్యుడు. 1856 ప్రాంతంలో పళ్ల అచ్చు తీసే ముద్దను మెరుగుపరిచాడు. తర్వాతి తరం శస్త్రవైద్యులు కణజాలాన్ని నిలబెట్టడానికి ఆ ముద్దను వాడారు. అలా ఆయన పేరు గుండె గొట్టం దాకా పాకింది.
>
> గాలిదారిలోకి గొట్టం దించి చూసిన మొదటి వైద్యుడు జర్మనీకి చెందిన గుస్టావ్ కిలియన్. 1897లో ఒక రైతు ఊపిరిగొట్టంలో ఇరుక్కున్న ఎముక ముక్కను బయటికి తీశాడు. వంగే బ్రాంకోస్కోపును 1960ల్లో జపాన్ వైద్యుడు షిగెతో ఇకెదా తెచ్చాడు. బయటివైపు చిన్న చిన్న బుడిపెలతో జారిపోకుండా కూర్చునే సిలికాన్ స్టెంటును ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో జాన్ ఫ్రాన్స్వా ద్యుమోఁ రూపొందించి 1990లో ప్రకటించాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇది ఏమి చేయదు

స్టెంటు క్యాన్సర్‌ను తగ్గించదు. ఈ మాట డాక్టరు మాకు మొదటే చెప్పాడు. నేనూ మొదటే చెప్పాల్సింది. దారి నిలబెడుతుంది, అంతే. అయితే ఆ "అంతే"లో చాలా ఉంది. రేడియేషన్ కావాలంటే రోగి బల్ల మీద కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. పడుకుంటే ఊపిరాడని మనిషికి ఆ వైద్యం ఎలా చేస్తారు? మంచం దిగలేనివాడికి కీమో ఇవ్వడానికి ఏ డాక్టరైనా వెనకాడతాడు. గాలి ఆడాక మామ పడుకోగలిగాడు, తినగలిగాడు, రేడియేషన్‌కు తయారయ్యాడు. మందులకు కణితి బాగా కరిగితే స్టెంటును తీసేయడం కూడా ఉంటుంది.

అందరికీ వేయరు. గాలిదారి మూసుకున్న చోటికి అవతల ఊపిరితిత్తి ఇంకా పనికొచ్చే స్థితిలో ఉండాలి. చిన్న కొమ్మల్లో అడ్డంకికి స్టెంటు పనికిరాదు. మత్తు తట్టుకోలేని గుండె ఉంటే ఆలోచిస్తారు. రక్తస్రావం భయం ఎప్పుడూ ఉంటుంది. క్యాన్సర్ కాని ఇరుకుదనానికి లోహపు స్టెంట్లు వాడటంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఏళ్ల తరబడి ఉంటే గోడలో కండ పెరిగి వాటిని తనలో కలిపేసుకుంటుంది, తీయడం గండమవుతుంది.

వేసిన తర్వాత బాధ్యత ఇంటివాళ్లది. మన గాలిగొట్టం గోడకు కంటికి కనబడని సన్నటి నూగు ఉంటుంది. అది కళ్లెను ఎప్పుడూ పైకి ఊడుస్తూ ఉంటుంది. స్టెంటు ఉన్న మేర ఆ ఊడ్పు ఆగిపోతుంది. కళ్లె ఎండి పేరుకుంటుంది, నోరు వాసన వస్తుంది, సూక్ష్మక్రిములు చేరతాయి. అందుకే రోజుకు రెండు మూడుసార్లు ఉప్పునీటిని నెబ్యులైజరుతో పొగమంచులా చేసి పీల్చాలి. ఒక్క పూట మానకూడదు.

మామ ఇంట్లో నెబ్యులైజరు దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడేది. పొద్దున పాలు పిండాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి. గాలివానకు స్తంభాలు పడి రెండు రోజులు కరెంటు లేనప్పుడు మా బావమరిది ట్రాక్టరు బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించాడు. ఆ రెండు రోజులూ మామ ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని మూతికి మాస్కు పెట్టుకుని తోట వైపు చూస్తూ పీల్చాడు. నాలుగో నెలలో ఒకసారి కళ్లె అడ్డం పడి ఊపిరి బిగుసుకుంది. 108లో కర్నూలు, అక్కడి నుంచి హైదరాబాద్. లోపలికి బ్రాంకోస్కోపు పంపి శుభ్రం చేశారు. రెండు రోజుల్లో ఇంటికొచ్చాడు. "బోరు ఫ్లషింగ్ చేయించినట్లే" అన్నాడు.

పొగ, దుమ్ము

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కన 2022లో ప్రపంచంలో దాదాపు 24 లక్షల 80 వేల మందికి కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. దాదాపు 18 లక్షల మంది దానితో చనిపోయారు. మన దేశంలో కొత్తవి 81 వేలకు పైన, మరణాలు 75 వేలకు దగ్గర. ఆ రెండు అంకెల మధ్య దూరం ఎంత తక్కువో చూడండి. వీళ్లలో నూటికి ఇరవై నుంచి ముప్ఫై మందికి ఏదో ఒక దశలో పెద్ద గాలిదారుల్లో అడ్డంకి వస్తుందని వైద్యగ్రంథాలు చెబుతాయి.

కారణాల్లో మొదటిది పొగాకు. అందులో సందేహం లేదు. గొట్టాల మొదట్లో, పెద్ద దారుల్లో పుట్టే రకాలకు పొగతో చుట్టరికం మరీ ఎక్కువ. బీడీ చిన్నది గదా, దానితో ఏమవుతుందని మా పక్క ఇప్పటికీ అంటారు. బీడీ ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా లాగాలి, ఆ లాగుడుకు పొగ మరింత లోపలికి పోతుంది.

రాయలసీమకు ఇంకో దిగులుంది, దుమ్ము. పులివెందుల ప్రాంతంలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, తవ్విన గనులున్నాయి. రాతినార ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తిరుగులేని కారణం, పొగతాగే అలవాటు తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొత్త లీజులు ఇవ్వడం 1986లోనే ఆపారు. కాని రాతినార వల్ల వచ్చే జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు పడుతుంది. నల్లమలకు అవతల మార్కాపురం పలకల పనిలో రేగే సిలికా దుమ్ము కూడా క్యాన్సర్ కారకమే. ఆ పనులు చేసి ఇప్పుడు ముసలివాళ్లయినవాళ్లకు దగ్గు వస్తే, డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట "ఒకప్పుడు గనిలో పనిచేశాను" అని.

బీడీ ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. పక్కవాళ్ల పొగ, కట్టెల పొయ్యి పొగ అనుమానితుల్లో ఉన్నాయి. నలభై ఏళ్లు మామ బీడీ పొగ పీల్చింది అత్త కూడా.

> ఇవి కనబడితే ఆగొద్దు
>
> పీల్చే మందులకు తగ్గని పిల్లికూత. గాలి పీల్చేటప్పుడు మెడ దగ్గర ఈల. దగ్గులో రక్తం జీర. మూడు వారాలు దాటిన గొంతు బొంగురు. ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియా. టీబీ మాత్రలు రెండు నెలలు వాడినా మారని ఎక్స్‌రే.
>
> టీబీ మందులు మొదలుపెట్టేముందు కళ్లె పరీక్షలో క్రిమి దొరికిందా అని అడగండి. దొరక్కపోతే సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ సంగతి అడగండి.
>
> స్టెంటు ఉన్నవాళ్లు దాని రకం, సైజు, వేసిన తేదీ రాసిన కార్డు జేబులో పెట్టుకోవాలి. ఏ ఆస్పత్రిలోనైనా గొంతులో గొట్టం వేయబోతుంటే ముందు ఆ కార్డు చూపాలి.

మూడు వందల కిలోమీటర్లు

మహానంది నుంచి నంద్యాల, నంద్యాల నుంచి కర్నూలు, కర్నూలు నుంచి హైదరాబాద్. మొత్తం దాదాపు 300 కిలోమీటర్లు. పెన్సిల్ కన్నా సన్నటి సందులోంచి గాలి పీలుస్తున్న మనిషిని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి ఆ దూరం తీసుకెళ్లాం. దారంతా వెనక సీట్లోంచి అత్త ఆయన భుజాలు పట్టుకునే ఉంది. రాయలసీమలో ఇంకొందరు రాయవేలూరు పోతారు, బెంగళూరు పోతారు. పోలేనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఖర్చు సంగతీ చెప్పాలి. గుండె స్టెంట్ల ధరకు కేంద్రం 2017 ఫిబ్రవరిలో కళ్లెం వేసింది. మందుపూత లేని లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత ఉన్నదానికి 29,600 అని అప్పట్లో కట్టడి చేసింది. ఆ కట్టడి గుండె రక్తనాళాల స్టెంట్లకే. ఊపిరిగొట్టం స్టెంటు ఒక్కదానికే పదుల వేలవుతుంది. మత్తు, ఆపరేషన్ గది, ఐసీయూ కలిపితే ప్రైవేటులో లక్షలు దాటుతుంది. మేం ఆ పంట గెలలన్నీ చెట్టు మీద ఉండగానే వ్యాపారికి అమ్మేశాం.

వాడేవాళ్లు తక్కువ గనుక వస్తువు ఖరీదు, వస్తువు ఖరీదు గనుక నేర్చుకునే డాక్టర్లు తక్కువ. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల జిల్లాలకు దిక్కు. అక్కడి వైద్య కళాశాల ఆవరణలోనే రాష్ట్ర క్యాన్సర్ సంస్థ వచ్చింది. ఈ పని అక్కడ వారం వారం జరిగే మామూలు పని కావాలి. ఉక్కు గొట్టం కొత్త యంత్రమేమీ కాదు, కిలియన్ కాలం నాటి ఆలోచన. కావాల్సింది శిక్షణ పొందిన చేతులు, తోడుగా నిలిచే మత్తు డాక్టరు, అర్ధరాత్రయినా తెరుచుకునే గది. గుండెపోటు వస్తే ఏ ఊరికి పోవాలో ఇవాళ నంద్యాలలో ఆటో డ్రైవరుకు కూడా తెలుసు. ఊపిరిగొట్టం మూసుకుపోతే ఎక్కడికి పోవాలో చదువుకున్న నాకే తెలియలేదు.

"ఇంక లాభం లేదు"

హైదరాబాద్ పోకముందు ఒకచోట మాకు ఈ మాట చెప్పారు. "నాలుగో దశ. ఇంక లాభం లేదు. ఇంటికి తీసుకుపోండి." చెప్పినాయన చెడ్డవాడు కాదు. జబ్బు నయం కాదన్నది నిజం. కాని మా చెవికి అది ఇంకేమీ చేయలేమన్నట్టు వినిపించింది. రెండూ ఒకటే అనుకుని ఇంటికి తీసుకొచ్చి గంప ముందు కూర్చోబెట్టుకున్నాం. పది రోజులు పోగొట్టుకున్నాం. ఆ పది రోజుల్లో ఆయన ఎన్ని గంటలు నిద్రపోయాడో నాకు తెలుసు, నేను పక్కనే ఉన్నాను.

ఆకలి, దాహం, నొప్పి అన్నింటికన్నా ఊపిరాడకపోవడం పెద్ద బాధ. నయం కాని జబ్బులోనూ దాన్ని తగ్గించడం వైద్యమే. అడిగే హక్కు రోగికి ఉంది. "నయం కాదని చెప్పారు, సరే. ఆయాసం తగ్గించడానికి ఏముంది?" అని అడగండి. స్టెంటు కుదరనివాళ్లకూ మార్ఫిన్ లాంటి మందులున్నాయి, రేడియేషన్ ఉంది. ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టడం కూడా పనిచేస్తుంది. లాభం అన్న మాటకు మనమిచ్చే అర్థం చిన్నదైపోయింది.

మామకు స్టెంటు ఎనిమిది నెలలు ఇచ్చింది. అందులో ఏడు నెలలు బాగా ఇచ్చింది. శివరాత్రికి మహానంది పోయి రథం చూసి వచ్చాడు. కోనేట్లో దిగొద్దన్నాం, నీళ్లు నోట్లోకి పోతే ప్రమాదమని. మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాడు. గంటసేపు మాట్లాడాడు, ఆగకుండా. చిన్నప్పుడు గాజులపల్లె నుంచి రైలెక్కి బొగద సొరంగంలోకి పోతుంటే కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకునేవాళ్లమని చెప్పాడు. అటు చివర వెలుగు వచ్చేదాకా ఎవడు బిగబడితే వాడు గెలిచినట్లంట. బీడీ సంగతి ఎత్తలేదు. రెండో కాపు పిలకలకు తానే దగ్గరుండి మట్టి ఎగదోయించాడు. వానలు మొదలయ్యాక జబ్బు కాలేయానికి పాకింది. చివరి వారం మంచంలోనే ఉన్నాడు. వెల్లకిలా పడుకునే ఉన్నాడు.

పెద్దకర్మ అయిన మూడో రోజు తిమ్మాపురం నుంచి ఒకతను వచ్చాడు. వాళ్ల నాయనకు కూడా గొంతు కింద గొట్టం వేశారట, నిన్ననే ఇంటికి తెచ్చారట. మిషను ఎక్కడ కొన్నారని అడగడానికి వచ్చాడు. అత్త లోపలికి పోయి మేకు మీంచి నెబ్యులైజరు తీసింది. పైటచెంగుతో తుడిచింది. బీరువా కింది అరలోంచి ఉప్పునీళ్ల చిన్న సీసాల డబ్బా తెచ్చి లెక్కపెట్టింది. ఇరవై మూడు ఉన్నాయి.

"రోజుకు మూడు. ఒక్కపూట గూడా మానొద్దని చెప్పు నాయనా" అంది.